అయిదువేల నలభైకి అరవై తలుపులు

అయిదువేల నలభై అనే సంఖ్యతో నేను ఇరవై ఏడేళ్ళు కాపురం చేశాను. మా ఆయనతో చేసినదానికంటే రెండేళ్ళు ఎక్కువ. ఆయన గురించి అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు గానీ ఆ సంఖ్య గురించి ఇంతవరకు నన్ను ఎవరూ అడగలేదు. మా వీధిలో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు మీరంతా కూర్చుని, పనిలో నువ్వు చేసిన పెద్ద తప్పేదైనా చెప్పమన్నారు కాబట్టి దాని సంగతే చెబుతాను. మాది మురుంగపాక్కం, చుట్టూ అరవం మాట్లాడే ఊరు. ఇంట్లో తరాలుగా తెలుగు మాట ఉంది గానీ తెలుగు రాత లేదు. నేను చదివింది నాలుగో తరగతి, అదీ అరవంలో. నేను చెబుతుంటే మా మేడమీద అద్దెకుంటున్న పంతులమ్మ రాసిపెడుతోంది. తప్పులుంటే నావి, వాక్యాలు బాగుంటే ఆమెవి.

మూలకుళం దాటాక ఒక చిన్న బట్టల మిల్లు ఉండేది. చారల దుప్పట్లు, కిటికీ తెరలు నేసేవాళ్ళం. నాది పడుగు పోసే పని. బట్టలో నిలువుగా పోయే దారాలన్నీ కలిపితే పడుగు. మగ్గం ఎక్కే ముందు దాన్ని మనిషంత ఎత్తున్న ఒక డ్రమ్ముకు చుట్టాలి. మా బట్ట పన్నా, అంటే వెడల్పు, అరవై అంగుళాలు, అంగుళానికి ఎనభై నాలుగు పోగులు. మొత్తం అయిదువేల నలభై పోగులు. పోగుకు ఒకటి చొప్పున అన్ని నూలు కండెల్ని ఒకేసారి నిలబెట్టే స్టాండు ఎక్కడా ఉండదు. మా స్టాండుకు పట్టేవి మూడువందల అరవై. అందుకని పడుగును పట్టీలుగా విడగొట్టి, ఒక పట్టీ పక్కన ఇంకో పట్టీ చుట్టుకుంటూ పోతాం. మూడువందల అరవై చొప్పున పద్నాలుగు పట్టీలు చుడితే లెక్క సరి.

రెండు కట్టుబాట్లు ఉండేవి. పట్టీలన్నీ సమానంగా ఉండాలి. ఒక్కటి సన్నమైనా దాని దారాల బిగువు మారుతుంది, ఆ వైపు బట్ట అలలు తేలుతుంది. ఇక రెండోది చారల సంగతి. ఎరుపు, తెలుపు, నీలం అని ఒక వరస ఉంటుంది కదా, అది ఎన్ని పోగులకు ఒకసారి మళ్ళీ మొదలవుతుందో ఆ అంకె మొత్తంలో శేషం లేకుండా పోవాలి. ఎందుకంటే రెండు పన్నాలు పక్కపక్కన పెట్టి కుట్టి ఒక దుప్పటి చేస్తారు. శేషం మిగిలితే కుట్టు దగ్గర చార తప్పుతుంది. మీరు తెలుసుకోవలసిన సాంకేతికం ఇంతే.

నాకు ఈ పని నేర్పింది మా పడుగు మేస్త్రి. విల్లియనూరు మనిషి, మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు. నేను మామా అనేదాన్ని, ఆయన నన్ను జుట్టు నెరిసేదాకా పాపా అనే పిలిచాడు. ఆ మిల్లులో కాగితం మీద లెక్క వేయడం ఆయనకు చిన్నతనం.

"ఏంది పాపా, సుమ్మా ఊరికే నిలబడినావు. అయిదువేల నలభైలో పదైదు ఎన్నిసార్లు పోతాది?"

"మూడువందల ముప్పై ఆరు మామా."

"ముప్పై అయిదు?"

"నూట నలభై నాలుగు."

"శేషం?"

"శేషమా, దీనికి యాడిది మామా?"

ఆ జవాబంటే ఆయనకు ఇష్టం. అయిదువేల నలభైకి అరవై తలుపులు ఉన్నాయి అనేవాడు. ఒక సంఖ్యను శేషం లేకుండా భాగించే ప్రతి అంకె ఆయన లెక్కలో ఒక తలుపు. డ్రమ్ము తిరుగుతుంటే దాని చప్పుడుకు తగినట్టు అవన్నీ చదివేవాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, పన్నెండు, పద్నాలుగు, పదైదు, పదహారు, పద్దెనిమిది, ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై నాలుగు... అలా చివరికి అయిదువేల నలభై దాకా. మిగతా ఆడవాళ్ళు పనిలో పాటలు పాడుకునేవాళ్ళు. నేను ఇది పాడుకునేదాన్ని. అరవైకి అరవై ఇప్పటికీ వచ్చు. మా మనవడు నిద్రపోకుండా మారాం చేస్తే ఇవే చెబుతాను, నలభై అయిదు దగ్గరికి వచ్చేసరికి పడుకుంటాడు.

ఒకరోజు మామ ఇంకో ముక్క చెప్పాడు. "దాని పక్కిళ్ళు చూడు. అయిదువేల ముప్పై తొమ్మిదికి వచ్చే తలుపు, పోయే తలుపు తప్ప ఏమీ లేదు. ఒకటీ, అదీ. అంతే. ఇటుపక్క అయిదువేల నలభై ఒకటికి నడవలో ఒకే ఒక్క తలుపు ఉండాది, డెబ్బై ఒకటి. డెబ్బై ఒకట్లు డెబ్బై ఒకటి."

నేను నమ్మలేదు. ఒక్క పోగు తగ్గితే అరవై తలుపులూ ఎలా మూసుకుపోతాయి? డ్రమ్ము వెనక ఇనుప రేకు మీద సుద్దతో లెక్క మొదలుపెట్టాను. భోజనం వేళ మూడు అంకెలు, టీ వేళ ఒకటి. అన్నీ చూడక్కర్లేదని, డెబ్బై దాకా చూస్తే చాలని మామే చెప్పాడు. అంతకంటే పెద్ద తలుపు ఉంటే దానికి ఎదురుగా చిన్న తలుపు ఇవతలే కనబడి తీరాలట. పదకొండు వేశాను, ఒకటి మిగిలింది. పదమూడు వేశాను, ఎనిమిది మిగిలింది. అరవై ఏడు దాకా వేసి వారం తర్వాత ఒప్పుకున్నాను. ఆ వారం నాకు ఎంత బాగుందో చెప్పలేను. బడిలో ఎవరూ నాకు ఇలాంటిది ఇవ్వలేదు.

ఇప్పుడు గమనించండి. అయిదువేల ముప్పై తొమ్మిదిలో పదకొండు పోతే ఒకటి మిగిలిందని నా చేత్తో నేనే రాశాను. దాని పక్క సంఖ్యలో రెండు మిగులుతుందని తెలుసుకోవడానికి చదువు అవసరం లేదు. నేను ఆ పక్కకు చూడలేదు, అంతే. నా సంఖ్య మీద నాకు అంత నమ్మకం.

మేస్త్రి మామ కళ్ళకు పొరలు వచ్చాయి. ఆపరేషన్ చేయించుకోవడానికి సెలవు పెట్టాడు, తిరిగి వచ్చేది అనుమానమే అన్నారు. మేనేజరు నన్ను పిలిచాడు. ఆయన మాట్లాడేది అరవం, నేను తెలుగులో చెబుతున్నాను.

"కొత్త కొనుగోలుదారు ఒకరు నమూనాకు రెండు పడుగుల బట్ట అడిగారమ్మా. ఈ రెండూ నువ్వు దగ్గరుండి చేయించు. బాగా వస్తే మేస్త్రి సీటు నీది. ఇంతవరకు ఈ షెడ్డులో ఆడమనిషికి ఇవ్వలేదు."

సీటు అంటే మీరు చిన్నమాట అనుకోకండి. పడుగు పోసేవాళ్ళు పొద్దంతా నిలబడే ఉంటారు. మేస్త్రి ఒక్కడే కూర్చుంటాడు. అప్పటికే నా మోకాళ్ళు మెట్లెక్కేటప్పుడు మూలుగుతున్నాయి. అంతకంటే, పదహారేళ్ళుగా లెక్క నేను చెబితే, ప్రతి పడుగుకు రాసే కార్డులో మేస్త్రి చెప్పినట్టు ఎక్కుతోంది. నా పేరుతో ఎక్కాలని నాకు ఉండేది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు గానీ ఆ వారం అద్దంలో చూసుకుని మేస్త్రమ్మా అని ఒకసారి పిలుచుకున్నాను కూడా.

ఆ పడుగులకు చారలు గీయడానికి ఒక అమ్మాయి ఉంది. యానాం నుంచి వచ్చింది, చదువుకున్న పిల్ల. చేరి అయిదు నెలలు, ఆరో నెలాఖరు దాకా పరీక్షకాలం. ఈ ఉద్యోగం నిలబడకపోతే ఇంటికి రమ్మంటారని, ఒకసారి ఇంటికి పోతే మళ్ళీ బయటికి పంపరని నాకే చెప్పుకుంది. ఒకరోజు మేం వరండాలో టిఫిన్ డబ్బాలు విప్పాం. నేను పెరుగన్నంలో ఊరగాయ కలుపుతున్నాను.

"అక్కా, ఇరవై రెండు పోగులకో వరస గీశానండి. రెండు ఎరుపు, నాలుగు తెలుపు, పన్నెండు నీలం, నాలుగు తెలుపు. మన లెక్కలో సరిపోతుందాండీ?"

"అయిదువేల నలభైలో పోనిది యాడుంది పాపా. తిను ముందు."

"వేసి చూద్దామంటే ఫోను లోపల చార్జింగులో పెట్టానండి."

"ఫోనెందుకు, నేను లేనా? ఆ పెద్దాయన ముప్పై ఏళ్ళు ఫోను లేకుండానే నడిపినాడు."

"అయితే రంగులద్దకానికి పంపేయమంటారా?"

"పంపు. నా పూచీ."

నోట్లో అన్నం ఉంది. పూచీ అనే మాట అన్నంతో పాటే బయటికి వచ్చింది. ఆ పిల్ల ఆ సాయంత్రమే కాగితం పంపేసింది. ఏ రంగు ఎంత అద్దాలో దాని ప్రకారం అద్దేశారు.

నూలు వచ్చింది, కార్డు వచ్చింది. పొద్దున్నే కండెలు స్టాండుకు ఎక్కించబోతూ, ఎన్ని పట్టీలో చూద్దామని ఇరవై రెండుతో భాగించాను. రెండువందల సార్లు పోతే నాలుగువేల నాలుగువందలు. మిగిలింది ఆరువందల నలభై. ఇరవై తొమ్మిది సార్లు పోతే ఆరువందల ముప్పై ఎనిమిది. శేషం రెండు.

మళ్ళీ వేశాను. రెండు. సుద్ద పారేసి వేళ్ళమీద వేశాను. రెండే. చుట్టూ డ్రమ్ములు తిరుగుతున్నాయి, ఎవరో నవ్వుతున్నారు, నాకు మాత్రం చెవుల్లో గాలి వీచినట్టుంది. అరవై తలుపుల ఇంట్లో నేను గోడకు గుద్దుకున్నాను.

అప్పుడు మేనేజరు దగ్గరికి వెళ్ళి, సార్, నేను తప్పు చెప్పాను అంటే అయిపోయేది. ఆయన గది నలభై అడుగుల దూరంలో ఉంది. నేను వెళ్ళలేదు. రెండు పోగులే కదా, ఎవరు చూస్తారు అనుకున్నాను. మూడువందల ముప్పై చొప్పున పదిహేను పట్టీలు చుట్టాను. ఇక తొంభై పోగులు మిగిలాయి. వాటితో సన్నగా పదహారో పట్టీ చుట్టి, అందులో నాలుగు వరసలు పోగా మిగిలిన రెండు ఎర్ర పోగుల్ని చివర పెట్టేశాను. పట్టీలు సమానంగా ఉండాలని కొత్తగా చేరిన ప్రతి పిల్లకూ నేర్పింది నేనే.

బట్ట మగ్గం దిగింది, మొదటి దుప్పటి కుట్టారు. బల్లమీద పరిచారు. నేను గుమ్మం దగ్గర ఉన్నాను, అక్కడి నుంచే కనబడింది. దుప్పటి అంతా ఎర్ర గీత రెండు పోగుల సన్నదనంతో పోతుంటే, నడిమధ్యన కుట్టు దగ్గర మాత్రం నాలుగు పోగుల లావుతో ఉంది. చివర నేను పెట్టిన రెండూ, పక్క పన్నా మొదలయ్యే రెండూ కలిశాయి. తెల్ల చీర మీద కుంకుమ ఒలికినట్టు కన్ను అక్కడికే పోతోంది. ఆ పక్కనే బట్ట అలలు తేలి ఉంది.

మేనేజరు ఆ అమ్మాయిని పిలిచాడు.

"నీ వరస ఎన్ని పోగులు?"

"ఇరవై రెండండి."

ఆయన ఫోను తీసి నొక్కాడు. "రెండువందల ఇరవై తొమ్మిది, ఆపైన చుక్క. పోదు కదమ్మా ఇది. గీసేముందు చూసుకోవా?"

ఆ పిల్ల నావైపు చూసింది. ఒక్కసారే. చూసి, మళ్ళీ దుప్పటి వైపు తిరిగింది.

"చూసుకోవాల్సిందండి."

"ఈ నెలాఖరుకు నీ పరీక్షకాలం అయిపోతుంది కదా. ఆ తర్వాత రానక్కర్లేదు."

మాట నా నాలుక మీద ఉంది. నేను చేసిందేమిటో తెలుసా? కిందికి వంగి, నేలమీద ఏదో దారపు ముక్క ఉంటే ఏరడం మొదలుపెట్టాను. దాన్ని ఏరాక ఇంకోటి. నేను లేచేసరికి ఆ గదిలో ఎవరూ లేరు.

మూడు రోజులు గడిచాయి. ఆ అమ్మాయి నన్ను ఏమీ అనలేదు. అక్కా అనడం మాత్రం మానేసింది. ఎదురుపడితే, అండీ, కొంచెం దారివ్వండి అనేది. రెండో పడుగుకు నూలు సిద్ధంగా ఉంది, దాన్నేం చేయాలో ఎవరికీ తెలియదు. మూడో రోజు పగటి పని దిగగానే విల్లియనూరు బస్సెక్కాను.

మామ నడవలో మంచం మీద ఉన్నాడు. ఒక కంటి మీద పచ్చగుడ్డ, దానిపైన నల్లద్దాలు.

"ఎవరు? పాపేనా?"

"నేనే మామా."

"నడక చప్పుడు పట్టే తెలిసె. పట్టీ యాడన్నా తెగిందా?"

"తెగలేదు."

"మరి ఆ గొంతేంది, నేనేమన్నా చచ్చిపోయినానా? ఇదిగో, పాపకి కాఫీ పెట్టు" అని లోపలికి కేకేశాడు. అత్త కాఫీ తెచ్చి, కళ్ళజోడు తీయొద్దని ఆయనకు చెప్పి, నువ్వయినా చెప్పమ్మా అని నాకూ చెప్పి వెళ్ళింది.

నేను అంతా చెప్పాను. ఆయన కదలకుండా విన్నాడు.

"ఇరవై రెండా," అన్నాడు చివరికి. "అంటే పదకొండు రెండ్లు."

"అవును మామా."

"పదకొండు నేను నీకు ఎప్పుడన్నా చదివినానా?"

లోపల పాట వేసుకున్నాను. తొమ్మిది, పది, పన్నెండు. పదహారేళ్ళుగా ఆ పాట నా నోట్లో ఉంది. అందులో ఒక మెట్టు లేదని నాకు ఎన్నడూ తోచలేదు.

"చదవలేదు."

"ఎందుకు లేదని నువ్వు అడగలా. నేనూ చెప్పలా." నల్లద్దాలు సర్దుకున్నాడు. "నేను కుర్రోడిగా ఉండంగా పదకొండు పోగుల చారతో ఒక పడుగు పాడు చేసినా పాపా. తప్పు నా పక్కనున్నోడి మీద పోయింది. వాడు పని మానుకుని ఊరెళ్ళిపోయినాడు. అప్పట్నుంచి ఆ అంకె నోట పలకను. మేస్త్రి అయినాక, పదకొండు పోగుల చార గీసుకొచ్చినోళ్ళని ఇది బాగలేదు, పన్నెండు చేసుకురా అని పంపేసేవోణ్ణి. ఎందుకో చెప్పేవోణ్ణి కాదు. సిగ్గుపడి దాచుకున్నా. నువ్వు అదే పాఠం అనుకుంటివి."

 కాఫీ చల్లారిపోయింది.

"సరే, రెండో పడుగుకి ఏం చేస్తావు?" అన్నాడు.

"రెండు పోగులు తీసేస్తే శేషం ఉండదు మామా. రెండువందల ఇరవై తొమ్మిది వరసలు వస్తాయి."

"రెండువందల ఇరవై తొమ్మిదికి తలుపుండాదా? పట్టీలు సమంగా రావాల గదా."

వేళ్ళమీద వేశాను. మూడు పోదు. ఏడు వేస్తే అయిదు మిగిలింది. పదకొండు వేస్తే తొమ్మిది, పదమూడు వేస్తే ఎనిమిది. పదహార్లు పదహారు రెండువందల యాభై ఆరు కాబట్టి ఇక అవతలికి వెళ్ళక్కర్లేదు.

"ఒక్కటీ లేదు. ఇది ఆ అయిదువేల ముప్పై తొమ్మిదికి చుట్టం."

"అయితే ఇంకో వరస పీకెయ్."

"రెండువందల ఇరవై ఎనిమిది," అన్నాను. అని నాకే ఆశ్చర్యమేసింది. ఒక్కటి తగ్గిస్తే తలుపులన్నీ తెరుచుకున్నాయి. రెండు, మూడు, నాలుగు, ఆరు, పన్నెండు, పంతొమ్మిది. "పన్నెండు వరసల పట్టీలు పంతొమ్మిది మామా. పట్టీకి రెండువందల అరవై నాలుగు కండెలు. స్టాండులో పడతాయి. మొత్తం అయిదువేల పదహారు."

"ఇరవై నాలుగు పోగులు తగ్గె. పన్నాలో ఎంత పోతాది?"

"పావంగుళం, ఇంకో పిసరు. అంచు మడతలో పోతుంది."

"మరి ఏడుపేంది?"

"అయిదువేల నలభై కదా మామా. దాన్ని తగ్గించడమేంది?"

ఆయన నవ్వాడు, కన్ను అదురుతుందని చేత్తో పట్టుకుని మరీ నవ్వాడు. "అది దేవుడిచ్చిందా? ఎవరో మూసేసిన మిల్లులోంచి మన ఓనరు పాత పన్నె ఒకటి తెచ్చినాడు, దాని పళ్ళలో అంగుళానికి ఎనభై నాలుగు పోగులు దూరతాయి. అరవై అంగుళాలకి గుణిస్తే అదొచ్చింది. మంచి సంఖ్యే. మంచిదని దాని కాళ్ళకి మొక్కుతావా?" తర్వాత నవ్వు మానేశాడు. "ఆ పిల్లకి పోతాదని చెప్పింది ఎవరు?"

"నేనే."

"మేనేజరుకి తెలుసా?"

నేను కాఫీ గ్లాసు నేలమీద పెట్టాను. ఆయన మళ్ళీ అడగలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. "పో పాపా. ఈ బస్సు పోతే గంట దాకా లేదు."

మర్నాడు గంట కొట్టకముందే మేనేజరు గదికి వెళ్ళాను. ఆయన టీ తాగుతున్నాడు. కూర్చోమన్నాడు. నేను నిలబడే చెప్పాను. ఇరవై రెండు పోతుందని చెప్పింది నేను, నా పూచీ అన్నది నేను, కండెలు ఎక్కించే ముందే తప్పు తెలిసింది నాకు, తెలిసి చుట్టింది నేను. నాలుగు మాటలు. 

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టాడు. "మరి ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదు?"

"సీటు కోసం సార్."

"ఇప్పుడు కూడా చెప్పకపోతే నాకు తెలిసేది కాదు."

"తెలిసేది కాదు సార్."

"సీటు వచ్చేది కూడా."

"వచ్చేదేమో."

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చివరికి, రెండో పడుగు సంగతేమిటి అన్నాడు. అయిదువేల పదహారు చెప్పాను. ఫోనులో నొక్కి చూసుకున్నాడు, రెండుసార్లు.

"ఎవరు చేస్తారు?"

"నేను చుడతాను. ఆ అమ్మాయి పక్కన నిలబడి ప్రతి పట్టీ లెక్కపెట్టాలి. నేను ఒక్కదాన్నే అయితే చేయను సార్."

రెండు రోజులు పట్టింది. నేను చుట్టేదాన్ని, ఆ అమ్మాయి కాగితం మీద గీత గీసేది. మొదటిరోజు పట్టీ అంకె తప్ప మా మధ్య మాటల్లేవు. రెండో రోజు, పదమూడో పట్టీ నడుస్తుండగా తల ఎత్తకుండానే అంది.

"ఆరోజు మీరు కిందికి వంగారు చూడండి. ఏదో పడిపోయిందేమో, తీసుకుని లేచి చెబుతారు అనుకున్నానండి. తలుపు దాకా వెళ్ళి కూడా ఆగాను."

"ఏమీ పడలేదు పాపా."

"తెలుసండి. తర్వాత తెలిసింది."

డ్రమ్ము తిరుగుతోంది. నేను దారాల మీద చెయ్యి పెట్టి బిగువు చూస్తున్నట్టు నటించాను.

"నువ్వయినా అప్పుడే నా పేరు చెప్పి ఉండొచ్చు గదా," అన్నాను.

"నేను చెబితే ఇద్దరం ఒకళ్ళ మీద ఒకళ్ళు చెప్పుకున్నట్టు ఉండేదండి. మీరు చెబితేనే కదా అది నిజమయ్యేది. అయినా నేను కూడా లెక్క వేసుకోలేదు కదా. మీరంటే నమ్మకం, లెక్కంటే బద్ధకం."

ఆ మాటకు నాకు నవ్వొచ్చింది, ఆ అమ్మాయికీ వచ్చింది గానీ ఆపుకుంది. మేస్త్రి మామ తన పదకొండు సంగతి నాకు చెప్పిందంతా అప్పుడు ఆ పిల్లకు చెప్పాను. విని, కాగితం వెనక పదకొండు అని రాసి చుట్టూ గీత గీసింది. తర్వాత పదమూడు రాసింది. పదిహేడు రాసింది. పోని అంకెల జాబితా ఒకటి గోడకు అంటించాలంది. పోయేవి అరవై నాకు నోటికి వచ్చు. పోనివాటిని రాసిపెట్టాలని ఆ షెడ్డులో ఎవరికీ తోచలేదు.

రెండో పడుగు దుప్పటి కుట్టి బల్లమీద పరిచిన రోజు మేనేజరు బొటనవేలితో కుట్టు వెతికాడు. వేలికి తగిలింది గానీ కంటికి దొరకలేదు. ఎర్ర గీత అన్నిచోట్లా రెండే పోగులు. కొనుగోలుదారు ఆ ఒక్క పడుగు బట్టే తీసుకుని, ఇంకా కావాలన్నాడు. మొదటి పడుగు బట్ట మా షెడ్డులోనే చాలాకాలం నేల తుడిచింది. ఆ అమ్మాయి ఉద్యోగం నిలిచింది. కార్డు మీద లెక్క చూసినవారు అని రెండు సంతకాలకు చోటు పెట్టించింది. ఒకటి గీసినవాళ్ళది, ఒకటి చుట్టేవాళ్ళది. నేను అరవంలో చేసేదాన్ని.

నెలాఖరున మేనేజరు పిలిచి ఈసారి కూర్చోబెట్టాడు. "సీటు మగ్గాల వైపు నుంచి ఒకాయనకు ఇస్తున్నానమ్మా. లెక్కలో ఆయన నీకు సరిరాడు, నాకు తెలుసు. లెక్క తప్పడం ఒక్కటే అయితే నీకే ఇచ్చేవాణ్ణి. ఆ పిల్లను పంపేస్తున్నానని నేను అన్నాక నువ్వు మూడు రోజులు ఆగావు."

న్యాయమే సార్ అని లేచి వచ్చి స్టాండు దగ్గర నిలబడ్డాను. కొత్తాయన మంచివాడే, తెలియనిది అడిగేవాడు. ఇంకో పదకొండేళ్ళు ఆయన కింద పనిచేశాను. మేనేజరు చెప్పింది న్యాయమేనని ఆరోజు నోటితో అన్నాను గానీ, లోపల అనుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.